పాప చేసిన ప్రమాణం

మంగళవారం అంటే నాకు ఒళ్ళు బరువెక్కుతుంది. బంగారుపాళ్యం నుంచి చిత్తూరుకు ఒక బస్సు, చిత్తూరు నుంచి తిరుపతికి ఇంకో బస్సు, అక్కడ దిగి ఆసుపత్రికి ఆటో. పిల్లల మనసు సంగతి చూసే డాక్టరమ్మ ఆ ఒక్క రోజే కూర్చుంటుంది. పేపర్లో చిత్తూరు, తిరుపతి వేరే వేరే జిల్లాలయ్యాయి గానీ, మా ఇంటి కష్టానికి దారి మాత్రం తిరుపతికే పోతుంది.

నేను ఐరాల దగ్గర ఒక చిన్న బడిలో టీచర్ని. ఊళ్ళో వాళ్ళ పిల్లలు ఎందుకు చదవడం లేదో, ఎందుకు తినడం లేదో వాళ్ళ అమ్మానాన్నలకు చెప్పడం నా ఉద్యోగం. నా కూతురు ఎందుకు తినడం లేదో నాకు తెలియకుండా పోయింది. పదిహేనేళ్ళ పిల్ల. అప్పటికి పదో తరగతి.

మొదటిసారి తిరుపతికి బయలుదేరిన పొద్దున పక్కింటావిడ ముగ్గు వేస్తూ తలెత్తింది.

"అక్కా, కొండకా? ఏం పుణ్యం చేసుకున్నావో! లడ్డు తెచ్చేది మరిచిపోవద్దు."

నేను అవుననలేదు, కాదనలేదు. ఆటో వచ్చిందని ఎక్కేశాను. దానంతట అదే అవునైపోయింది. తర్వాత రెండు వారాలకోసారి మేము కొండకు పోయివచ్చే మహాభక్తులమైపోయాం. వీధిలో అందరికీ మా మీద గౌరవం పెరిగింది. వచ్చిన ప్రతిసారీ లడ్డు ఏదని అడిగేవాళ్ళు. రద్దీ అనీ, అయిపోయిందనీ ఎన్నిసార్లని చెప్పను? ఒకసారి బస్టాండు దగ్గర మిఠాయి కొట్టు కనబడగానే పాప నా చెయ్యి గిల్లింది.

"అమ్మా, ఈడ కొనిద్దామా? ఏం తెలస్తాది ఆమెకు?"

"గమ్మునుండు మే. కళ్ళకద్దుకొని తింటాది ఆమె. పాపం తగులుతాది."

ఆ రోజు అది నవ్వింది. దాని నవ్వు నాకు ఎందుకు గుర్తుందంటే, తర్వాత చాలా రోజులు అది నవ్వలేదు.

దాని సంగతి మొదట తెలిసింది నాకు కాదు. పక్క బెంచీ పిల్లతో అన్నదట, "నేను లేకుండా పోతే ఎంత నిమ్మళంగా ఉంటాదో" అని. ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా పోయి వాళ్ళ క్లాసు టీచరుకు చెప్పింది. ఆ టీచరు నాకు ఫోను చేసింది. నేను మూడో తరగతికి కూడికలు చెబుతున్నాను. సుద్దముక్క చేతిలో పట్టుకొనే వరండాలోకి వచ్చి విన్నాను. ఆ పక్క బెంచీ పిల్ల కాళ్ళకు దండం పెట్టాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత సంగతి తెలిసినవాళ్ళు అడిగింది ఒకటే. ఎందుకు? పరీక్షలా? ఫోనా? ఎవడైనా పిల్లోడా? మీరేమైనా కొట్టినారా? మా ఆడబిడ్డ అయితే, "అన్నీ ఉండి కూడా ఈ పిల్లకేం తక్కువ?" అని నన్నే నిలదీసింది. బిడ్డకు కామెర్లు వస్తే ఏం తక్కువై వచ్చాయని ఎవరైనా అడుగుతారా? కారణం తెలియదని చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టింది. పాపను అడిగితే, "తెలీదమ్మా. ఊరికే వస్తాది" అనేది. నిజంగానే దానికి తెలియదు. అది నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మ గది ముందు కూర్చునే మనుషులను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. వేరే డాక్టరు కోసం వచ్చి పొరపాటున ఇక్కడ కూర్చున్నట్టు ఉంటారు. ఒకరోజు మా బడి పిల్లవాడి తండ్రి ఎదురు కుర్చీలో కనిపించాడు, పక్కన పెద్ద కొడుకు. ఆయన గోడమీద క్యాలెండరు చూశాడు. నేను సంచిలో లేని వస్తువు వెతికాను. ఆ తర్వాతి సారి ఇద్దరం తల ఊపుకున్నాం. అంతకుమించి ఇప్పటికీ మాట్లాడుకోలేదు.

డాక్టరమ్మ మంచిదే. ఎంతమంది ఉన్నా విసుక్కోదు. మాత్రలు రాసింది, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పింది. పాపను బయట కూర్చోబెట్టి నాతో ఒక మాట గట్టిగా అంది.

"అలాంటి ఆలోచన రావడం ఆ పిల్ల తప్పు కాదు. వచ్చినప్పుడు చెప్పాలి. మీకైనా, మాకైనా. అది దాచిపెట్టిన రోజే మనం భయపడాలి. మాత్రలు సగం, చెప్పడం సగం."

నేను ఇంటికి వచ్చి మా ఆయనకు ఈ మాట చెప్పాను. ఆయన విన్నాడు. విని, తనకు తెలిసిన వైద్యం ఆలోచించాడు.

మా ఆయన గురించి చెప్పాలి. హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. పెళ్ళైన కొత్తలో బాగా తాగేవాడు. సీజన్ అయిపోయి చేతినిండా ఖాళీ దొరికితే ఇంక అడగక్కర్లేదు. పాప చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఒకరోజు ఏం బుద్ధి పుట్టిందో, నన్ను వెంటబెట్టుకొని కాణిపాకం వినాయకుడి గుడికి పోయాడు. స్నానం చేసి తడి బట్టలతో స్వామి ముందు నిలబడి, "ఇంక ముట్టను సామీ" అన్నాడు. నేను బిడ్డను చంకలో పెట్టుకొని పక్కనే ఉన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ వాసన లేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా గ్లాసు చేతికిస్తే పక్కవాళ్ళే ఆపేవాళ్ళు, "ఆయన కాణిపాకం అప్పా, వదిలిపెట్టండి" అని. అది మా ఆయనకు ఇంటి పేరు లాగా అయిపోయింది. నేను కూడా చుట్టాల దగ్గర ఆ పేరు చెప్పుకొని బాగానే మురిసిపోయాను.

మా పక్క ఇది అందరికీ తెలిసిన సంగతే. మేక పోయినా, గట్టు జరిగినా, ఇచ్చిన మాట లేదన్నా, "కాణిపాకం వస్తావా?" అంటారు. సగం తగాదాలు బస్సెక్కకముందే తెగిపోతాయి. అబద్ధమాడేవాడికి ఆ మాట వింటేనే కాళ్ళు వణుకుతాయి. అబద్ధ ప్రమాణం చేస్తే స్వామి ఊరుకోడని పాలు తాగే వయసు నుంచి విని పెరిగినవాళ్ళం.

"నన్ను మార్చింది ఏ మాత్ర మే? ఏ డాక్టరు?" అన్నాడు మా ఆయన. "పాపను కూడా ఆడికి పిలుచుకొని పోదాం. ఒకసారి సామి ముందర చెప్తే ఇంక యానాడూ రాదు."

నేను కాదనలేదు. వాదించే ఓపిక లేదు. పనిచేస్తే బాగుండునని నాకూ ఆశ పుట్టింది.

ఒక ఆదివారం పోయాం. పాప స్నానం చేసి తడి జుట్టుతో నిలబడింది. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. "ఏమని చెప్పల్ల నాయనా?" అని మెల్లగా అడిగింది.

"ఆ ఆలోచన ఇంక చెయ్యనని చెప్పు. నాయన మీద ఒట్టని చెప్పు."

చెప్పింది. ఆయన చెప్పించినట్టే, ఒక్క మాట వదలకుండా. బయటికి వచ్చి పులిహోర తిన్నాం. మా ఆయన ముఖంలో ఎన్నో నెలల తర్వాత వెలుగు కనిపించింది. "అయిపోయింది పో" అన్నాడు.

నిజంగానే అయిపోయినట్టు కనిపించింది. పాప ఏడవడం మానేసింది. పదో తరగతి పరీక్షలు రాసింది, పాసైంది. తిరుపతిలో డాక్టరమ్మ "ఎలా ఉంది?" అంటే, "బాగుంది మేడమ్" అనేది. "ఆ ఆలోచనలు?" అంటే, "లేవు మేడమ్." నేను ఆ సాయంత్రాలు తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయేదాన్ని. అంత మంచి నిద్ర నాకు మళ్ళీ పట్టలేదు.

చిన్నచిన్న సంగతులు కొన్ని కంటపడకపోలేదు. తిరుపతి దారిలో ఒకచోట కాణిపాకానికి రోడ్డు చీలుతుంది. బస్సులో సగం మంది అక్కడ చేతులు జోడించుకుంటారు. పాప సరిగ్గా అక్కడికి రాగానే కిందికి వంగి చెప్పు బకిల్ పెట్టుకునేది. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. బకిల్ వదులైందేమో, కొత్త చెప్పులు కొనాలి అనుకున్నాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

మే నెలలో ఫ్యాక్టరీ సీజన్ మొదలైంది. ఒకరోజు మా ఆయనకు ఆవిరి గొట్టం తగిలి చెయ్యి కాలింది. పెద్ద గాయం కాదు, కట్టు కట్టి పంపించారు. పాప ఆ కట్టు చూసి తెల్లగా పాలిపోయింది. ఆ సాయంత్రమంతా నాయన మంచం పక్కనే కింద కూర్చుంది. అన్నం తినమంటే కదల్లేదు. "నొప్పి పుడతా ఉండాదా నాయనా?" అని అడిగిందే అడిగింది. నాయన మీద ఎంత ప్రేమో చూడు అని మా ఆడబిడ్డకు ఫోనులో చెప్పుకున్నాను కూడా.

ఆ తర్వాతి మంగళవారం, డాక్టరమ్మ దగ్గరికి పంపేముందు పిల్లలతో మాట్లాడే కౌన్సెలరమ్మ నన్ను లోపలికి పిలిచింది. చిన్న వయసు, సన్నగా ఉంటుంది, మాట నెమ్మది.

"మేడమ్, ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. ఆ ఆలోచనలు వస్తున్నాయా అని నేను పూర్తిగా అడగకముందే పాప లేదంటుంది. నిజంగా లేనివాళ్ళు ఒక క్షణం వెతుక్కొని లేదంటారు. ఇంట్లో ఎవరైనా బెదిరించినారా?"

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని బస్సులెక్కి, ఇంత అలసిపోయి తీసుకొస్తుంటే బెదిరించామా అని అడుగుతుందా ఈ పిల్ల! "మేమెందుకు బెదిరిస్తాము? దేవుని దగ్గరికి కూడా పోయొచ్చినాం" అని మొత్తం చెప్పేశాను. కాణిపాకం, ప్రమాణం, నాయన మీద ఒట్టు. మాటల్లో మాటగా చెయ్యి కాలిన సంగతి కూడా.

ఆమె పెన్ను కింద పెట్టింది. నవ్వుతుందేమో, మూఢనమ్మకమని పాఠం చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు.

"మాది చిత్తూరే మేడమ్. గాజులు కనబడకపోయినా కాణిపాకం పోదాం పా అనేది మా అవ్వ" అంది. "ఇప్పుడు పాప నోరు తెరిస్తే ప్రమాణం తప్పినట్టు. తప్పితే నాయనకు ఏమన్నా అవుతుంది. చెయ్యి కాలింది కూడా. దేవుడు ఏమీ అనుకోడమ్మా అని నేను చెప్తే నమ్ముతుందా? నేనెవర్ని చెప్పేదానికి? చేయించిన ఆయన్ని పిలుచుకొని రండి."

 దాచిపెట్టిన రోజే భయపడాలని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. మేము చేసిందల్లా ఆ దాచిపెట్టడానికి గట్టి తాళం వేయడం. సీసా అయితే చేతిలో నుంచి కింద పెట్టవచ్చు. తలలోకి దానంతట అది వచ్చేదాన్ని ఆ పసిది ఎట్లా కింద పెడుతుంది? నేను హాయిగా నిద్రపోయిన ఆ బస్సుల్లో అది నా పక్కనే ఒంటరిగా కూర్చొని ఉంది.

మా ఆయనను కదిలించడం అంత సులభం కాలేదు. "సీజన్లో లీవా? మామిడికాయల లారీలు గేటు బయట నిలబడి ఉండాయి" అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నీ మీద ఒట్టు పెట్టుకొని నోరు మూసుకొని ఉండాది ఆ బిడ్డ. నీకేమన్నా అయితాదని. నీకు మామిడికాయలు ఎక్కువైనాయా?"

 మంగళవారం పొద్దున ఆయన మాకంటే ముందు బస్టాండులో ఉన్నాడు.

ఆసుపత్రి నడవాలో ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం, మధ్యలో పాప. మా పేరు పిలవడానికి ఇంకా టైముంది. ఆయన చేతి కట్టు విప్పేశారు, చర్మం ఎర్రగా ఉంది. పాప దానివైపు చూడకుండా చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. స్వామికి క్షమాపణ చెప్పి వద్దాం అంటాడేమో అనుకున్నాను.

"పాపా, నేను తప్పినాను" అన్నాడు.

పాపకు అర్థం కాలేదు. నాకు అంతకంటే అర్థం కాలేదు.

"నా ప్రమాణం. మీ అవ్వ పోయినప్పుడు. దినాలన్నీ అయిపోయినాక లారీ వాళ్ళతో కూసోని తాగినాను. రవ్వంత కాదు, ఒళ్ళు తెలీనంత."

పాప నాయన ముఖంలోకి చూసింది. "మళ్ళా?"

"పొద్దున్నే కాణిపాకం పోయినాను. అదే చోట నిలబడి, తప్పినాను సామీ అని చెప్పినాను."

"సామి ఏం చేసినాడు?"

"ఏం చేస్తాడు? నా ఎనకాల జనం ఉండారు. జరగండి జరగండి అన్నారు. జరిగినాను. ఇంటికొచ్చినాను. మీ అమ్మ సంగటి పెట్టింది, తిన్నాను."

"నీకేం కాలేదా?"

"నీ పక్కన కూసోని ఉండాను కదా."

పాప ఆ ఎర్రటి చేతి మీద వేలు పెట్టింది. "ఇది?"

"ఆవిరి గొట్టం తగిలితే కాలక ఏమైతాది? అది గొట్టం చేసిన పని. నువ్వు చేసింది కాదు."

 ఎవరి పేరో పిలిచారు, ఒక తల్లీకొడుకూ లేచి లోపలికి పోయారు. పాప తల వంచుకొని, తన చెప్పులతో మాట్లాడుతున్నట్టు అంది.

"వస్తానే ఉండాది నాయనా. ఒక దినం కూడా నిలిచిపోలేదు. ఆ పొద్దు సామి ముందర చెప్పేటప్పుడు కూడా వచ్చింది."

మా ఆయన ఆసుపత్రిలో, అందరి ముందు, బాయిలర్ దగ్గర ఇంతకాలం పనిచేసిన మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎదురు కుర్చీల్లో వాళ్ళు ఆ రోజు మొదటిసారి తలలెత్తి మమ్మల్ని చూశారు. నేను సిగ్గుపడలేదు. పాపే తన చున్నీతో ఆయన ముఖం తుడిచింది.

"ఇంక ఎప్పుడు వచ్చినా చెప్పు. నేను అరవను" అన్నాడు.

"ప్రమాణమా నాయనా?"

"ప్రమాణాలు వద్దులే తల్లీ. ఊరికే చెప్తా ఉండాను."

మా పేరు పిలిచారు. పాప లేచి, మమ్మల్ని రావద్దని చేత్తో సైగ చేసి, ఒక్కతే లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. చాలాసేపు తెరుచుకోలేదు. అంతకుముందు ప్రతిసారీ చిటికెలో బయటికి వచ్చేసేది.

తిరుగు బస్సులో నాకు కోపం నెమ్మదిగా పైకి వచ్చింది. ఎంతమందికి చెప్పుకున్నాను ఈయన గురించి! కాణిపాకం అప్పా అంట!

"నాకెందుకు చెప్పలేదు ఇన్నేళ్ళు?" అన్నాను మెల్లగా, ముందు సీట్లో పాప వినకుండా.

"సామికి చెప్తే సామి గమ్మునుండాడు. నువ్వుంటావా?"

 కాణిపాకం దారి చీలే చోటు వచ్చింది. జనం చేతులు జోడించారు. పాప కిందికి వంగలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇక్కడితో బాగైపోయిందని రాయాలని ఉంది గానీ, అట్లా ఏమీ కాలేదు. డాక్టరమ్మ మాత్రలు మార్చింది, వారం వారం రమ్మంది. ఇప్పటికీ పోతూనే ఉన్నాం. పాప చిత్తూరులో ఇంటరు చదువుతోంది, కొన్ని రోజులు కాలేజీకి పోతుంది, కొన్ని రోజులు మంచం మీంచి లేవలేకపోతుంది. పక్కింటావిడ ఒకరోజు లడ్డు అడగ్గానే, మేము పోయేది ఆసుపత్రికని చెప్పేశాను. ఆమె ముగ్గు పిండి చేతిలోనే పట్టుకొని నిలబడిపోయింది. ఆ సాయంత్రం ఒక గిన్నెలో పాయసం తెచ్చి ఇచ్చి, ఏమీ అడగకుండా పోయింది.

ఇప్పుడు పొద్దున జడ వేసేటప్పుడు పాప చెబుతుంది. "అమ్మా, ఈ పొద్దు వచ్చింది." అన్నం ఉడికిందని చెప్పినట్టే చెబుతుంది.  నేను జడ అల్లే చేతులు ఆపను. "శానాసేపుండిందా?" అంటాను. "రవ్వంతసేపు" అంటుంది, లేకపోతే "ఇంకా ఉండాది" అంటుంది. ఇంకా ఉందంటే ఆ రోజు నేను బడికి పోను. ఏ తల్లీ వినకూడదనుకునే మాట అది. ఆ మాట వినబడితేనే నాకు ఇప్పుడు ఊపిరి ఆడుతుంది. ఏమీ చెప్పకుండా జడ వేయించుకున్న రోజే నాకు బడిలో పాఠం సాగదు.

మొన్న జడకు రబ్బరు వేస్తుంటే అంది, "ఈ పొద్దు రాలేదమ్మా."

నా చేతులు ఆగిపోయాయి. నమ్మాలని ఎంత ఉందో అంత భయం వేసింది. "నిజంగానా మే? నిజంగా రాలేదా?"

అది అద్దంలోంచి నన్ను చూసింది. పెదవి చివర, మిఠాయి కొట్టు దగ్గర నా చెయ్యి గిల్లిన రోజు కనిపించిన నవ్వు.

"నమ్మవా? కాణిపాకం పోదాం పా."

"వద్దు తల్లీ" అన్నాను. "నువ్వు ఊరికే చెప్పు, చాలు."